ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనాలా, వద్దా? పదో నెలలో తేల్చుకునే పద్ధతి

“ఫ్రిజ్ కొంటున్నాం. ఇంకో రెండేళ్లు వారంటీ వేసుకోమంటున్నారు. వేసుకోవాలా?” ఉగాదికి ఒకసారి, ఆడి నెల తగ్గింపులకు ఒకసారి, దసరా, దీపావళికి వరసబెట్టి ఇదే ప్రశ్న వస్తుంటుంది. అడిగేవాళ్లు చాలామంది అప్పటికే మా తిరుపతి తిలక్ రోడ్డులోనో ఎయిర్ బైపాస్ రోడ్డులోనో షాపులో నిలబడి ఉంటారు. పక్కన సేల్స్ అబ్బాయి బిల్లు కొట్టడానికి ఎదురుచూస్తుంటాడు. ఆ రెండు నిమిషాల్లో తేలే లెక్క కాదిది.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాను. మిక్సీ, ఐరన్ బాక్స్, ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ లాంటి వాటికి వద్దు. పెద్ద టీవీ, ఇన్వర్టర్ ఏసీ, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్, పెద్ద ఫ్రిజ్ అయితే ఆలోచించవచ్చు, అది కూడా తయారుచేసిన కంపెనీయే ఇచ్చే ప్లాన్ అయితేనే. కొన్న రోజే తీసుకోనక్కర్లేదు. చాలా కంపెనీలు అసలు వారంటీ నడుస్తున్నంత కాలం ఈ ప్లాన్ అమ్ముతూనే ఉంటాయి. అందుకే ఏడాది వారంటీ ఉన్న వస్తువుకు పదో నెల వచ్చాక కూర్చుని తేల్చుకోమంటాను.

దగ్గర పెట్టుకోవలసినవి

- సీరియల్ నంబర్ వేసిన అసలు బిల్లు. నంబర్ లేకపోతే షాపుకు వెళ్లి వేయించుకోండి.
- పెట్టెలో వచ్చిన వారంటీ కార్డు. పోతే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు సంబంధించిన షరతులు.
- అమ్ముతున్న ప్లాన్ పూర్తి షరతుల కాగితం. రంగురంగుల కరపత్రం పనికిరాదు.
- మీ పిన్‌కోడ్.
- ఆ వస్తువు బాగుచేసే లోకల్ మెకానిక్ నంబర్. మీ వీధిలో ఎవరి ఇంట్లో అడిగినా ఒకరి పేరు చెబుతారు.

1. చేతిలో ఉన్న వారంటీ దేనికో ముందు చదవండి

ఎక్కువమంది దాటేసేది ఈ మెట్టే. ఫ్రిజ్ మీద “10 సంవత్సరాల వారంటీ” అని పెద్ద స్టిక్కర్ ఉంటుంది. అది కంప్రెసర్‌కు మాత్రమే. మిగతా ఫ్రిజ్ మొత్తానికి సాధారణంగా ఏడాదే. వాషింగ్ మెషిన్ మీద రాసిన పదేళ్లు మోటారువి, మొత్తం మెషిన్‌కు ఎక్కువగా రెండేళ్లు ఇస్తారు. గీజర్‌కు ట్యాంక్ గ్యారంటీ ఎక్కువ, లోపలి హీటింగ్ ఎలిమెంట్‌కు తక్కువ. ఏసీల్లో కంప్రెసర్‌కు ఐదు నుంచి పదేళ్లు ఇచ్చి, కొన్ని మోడళ్లకు పీసీబీకి (లోపలి ఎలక్ట్రానిక్ బోర్డుకు) కూడా ఐదేళ్లు ఇస్తున్నారు.

కంప్రెసర్ వారంటీ అంటే చాలా కార్డుల్లో ఆ పార్ట్ ఒక్కటే ఉచితం. గ్యాస్ ఛార్జింగ్, విప్పి బిగించిన కూలి, తీసుకెళ్లి తెచ్చిన ఖర్చు మీవే. ఆరో ఏట కంప్రెసర్ పోయిందని ఫోన్ చేసి, “ఫ్రీ కదా” అనుకున్నవాళ్ల చేతికి వేలల్లో బిల్లు రావడం ఇందుకే.

ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. పార్ట్, అసలు వారంటీ ఎన్నాళ్లు, కూలి కలిపా కాదా. ప్లాన్ అమ్మేవాళ్లు చెప్పేదాంట్లో సగం ఇప్పటికే మీ దగ్గర ఉందని ఈ కాగితం చూస్తే తెలిసిపోతుంది. పీసీబీకి ఐదేళ్లు ఉన్న ఏసీకి, “పీసీబీ పోతే పదివేలు సార్” అని భయపెట్టి మూడేళ్ల ప్లాన్ అంటగడితే మీరు ఉన్నదాన్నే మళ్లీ కొంటున్నట్టు.

2. అమ్మేది ఎవరో చూడండి

షాపులో అందరూ “ఎక్స్‌టెండెడ్ వారంటీ” అనే అంటారు గానీ, లోపల మూడు వేరువేరు సరుకులుంటాయి.

కంపెనీ సొంత ప్లాన్: వస్తువు తయారుచేసినవాళ్లే వారంటీ పొడిగిస్తారు. వచ్చేది వాళ్ల మెకానిక్, వేసేది వాళ్ల పార్ట్. మూడింట్లో ఇదే మేలు.

షాపు ప్లాన్: దీన్ని షాపు పేరుతోనే అమ్ముతారు. వెనక వేరే సర్వీస్ సంస్థ ఉంటుంది, కొన్నిసార్లు బీమా కంపెనీ ఉంటుంది. ఫోన్ చేస్తే షాపువాళ్లు ఒక నంబర్ ఇచ్చి చేతులు దులుపుకుంటారు. దీన్ని తీసుకునేముందు “పార్ట్ ఒరిజినల్ వేస్తారా? ఎన్నిసార్లు క్లెయిమ్ చేసుకోవచ్చు? బాగు కాకపోతే ఎంత ఇస్తారు?” అని మూడూ అడగండి. మూడో ప్రశ్నకు జవాబులో “తరుగు” అనే మాట ఉంటుంది. కొన్న ధరలో ఏటా ఇంత శాతం తీసేసి మిగిలింది ఇస్తారు, కొందరు దాన్ని డబ్బుగా కాకుండా తమ షాపు కూపన్‌గా ఇస్తారు.

ఏఎంసీ: ఏటా కట్టి సర్వీసింగ్ చేయించుకునే ఒప్పందం. ఇది వారంటీ కాదు. వాటర్ ప్యూరిఫయర్‌కు మాత్రం ఇదే సరైనది.

3. “వర్తించనివి” పేజీ ముందు చదవండి

షరతుల కాగితాన్ని మొదటి పేజీ నుంచి చదవకండి. నేరుగా వర్తించనివి ఉన్న చోటికి వెళ్లండి. మన ఊళ్లో వస్తువులు పాడయ్యే కారణాలు సగం అక్కడే ఉంటాయి.

బల్లి. చదివి నవ్వకండి. ఏసీలో, ఇన్వర్టర్‌లో, వాషింగ్ మెషిన్‌లో వెచ్చగా ఉండే బోర్డు దగ్గరికి బల్లి చేరుతుంది, రెండు పాయింట్ల మధ్య అడ్డం పడుతుంది, బోర్డు కాలుతుంది. మెకానిక్ మూత విప్పగానే ఎండిపోయిన బల్లి కనిపిస్తుంది, ఫోటో తీస్తాడు, జాబ్ షీట్‌లో (తను చూసింది, చేసింది రాసే కాగితంలో) “కీటకాలు, ఎలుకల వల్ల నష్టం” అని రాస్తాడు. ఆ ముక్క రాశాక చాలా ప్లాన్లలో ఇక పైసా రాదు. ఎలుక వైరు కొరికినా అంతే, చీమలు పట్టినా అంతే.

వోల్టేజ్. ఎండాకాలం సాయంత్రం వీధి మొత్తం ఏసీలు వేసినప్పుడు వోల్టేజ్ పడిపోవడం, కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కసారిగా ఎగబాకడం, పిడుగులు: ఇవన్నీ చాలా ప్లాన్లలో మినహాయింపులే. కొన్ని ప్లాన్లు వోల్టేజ్ నష్టాన్ని కలుపుతాయి. అలా ఉంటే ఆ మాట కాగితం మీద ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి.

ఉప్పు నీళ్లు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ ఎలిమెంట్ చుట్టూ తెల్లగా సున్నంలా పేరుకుంటుంది. వాషింగ్ మెషిన్‌కు నీళ్లు వచ్చే పైపు దగ్గరి జాలీ మూసుకుపోతుంది. దాన్ని “నీటి నాణ్యత వల్ల వచ్చిన లోపం” కింద పక్కన పెడతారు.

ఇంకా చూడాల్సినవి: తుప్పు, పెయింట్, ప్లాస్టిక్, గాజు, రిమోట్, గ్యాస్, ఫిల్టర్లు, డోర్ రబ్బర్. టీవీ స్క్రీన్ పగిలితే ఏ వారంటీ అయినా ఇవ్వదు, దానికి ప్రమాద నష్టం కలిపిన ప్లాన్ వేరే ఉంటుంది. అది కావాలంటే దాన్నే అడగండి.

తిరుపతివాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది మరొకటి ఉంది. ఇంటి వాడకం వస్తువుల వారంటీ వ్యాపార వాడకానికి చాలావరకు వర్తించదు, లేదా కాలం తగ్గిపోతుంది. పీజీ హాస్టల్‌లో పెట్టిన వాషింగ్ మెషిన్, లాడ్జి గదుల్లో ఏసీలు, టిఫిన్ సెంటర్‌లో ఫ్రిజ్, భక్తులకు అద్దెకిచ్చే పోర్షన్‌లో గీజర్ అన్నీ ఈ లెక్కలోకి రావచ్చు. లాడ్జి పేరు మీద బిల్లు తీసుకుంటే, అది వ్యాపార వాడకమని మీ బిల్లే చెబుతుంది. అలాంటివాళ్లు ప్లాన్ మీద పెట్టే డబ్బు మెకానిక్‌తో నెలవారీ ఒప్పందం మీద పెట్టడం నయం.

4. లెక్క వేయండి

లోకల్ మెకానిక్‌కు ఫోన్ చేసి రెండు అడగండి. “అన్నా, ఈ మోడల్‌లో పోతే ఖరీదైన పార్ట్ ఏది? కూలితో కలిపి ఎంతవుతుంది?” కంపెనీ కస్టమర్ కేర్‌లో కూడా పార్ట్ ధర చెబుతారు. రెండూ రాసుకోండి.

ఇప్పుడు ప్లాన్ ధరతో పోల్చండి. ఉదాహరణకు 30,000 రూపాయల ఫ్రిజ్‌కు రెండేళ్ల ప్లాన్ 3,000 అన్నారనుకుందాం. కంప్రెసర్‌కు ఎలాగూ పదేళ్లుంది కాబట్టి దాన్ని తీసేయండి. మిగిలినవాటిలో పెద్ద రిపేర్ 6,000 అవుతుందని మెకానిక్ చెప్పాడు. మీ 3,000 గిట్టుబాటు కావాలంటే అలాంటి రెండు ఫ్రిజ్‌లలో ఒకటి ఆ రెండేళ్లలోనే పాడవ్వాలి. అంత ఘోరమైన ఫ్రిజ్ అయితే కొనడమే తప్పు. ప్లాన్ వద్దు.

అదే 55 అంగుళాల టీవీ. ప్లాన్ 4,000 అనుకోండి. ప్యానెల్ మార్చాలంటే 28,000 అన్నారు. ఏడు టీవీల్లో ఒకటి పోయినా లెక్క సరిపోతుంది. పోతే దాదాపు కొత్త టీవీ కొన్నంత పని. ఇక్కడ ఆలోచించడంలో తప్పులేదు.

నా కొలత ఇది: పెద్ద రిపేర్ ఖర్చు ప్లాన్ ధరకు కనీసం ఐదు రెట్లు లేకపోతే వద్దు. ధర అడిగేటప్పుడు జీఎస్టీ కలిపా అని కూడా అడగండి. సర్వీసు కాబట్టి 18 శాతం పడుతుంది, పలక మీద రాసే ధరలో కొందరు దాన్ని చూపించరు.

తయారీ లోపాలున్న వస్తువు సాధారణంగా మొదటి నెలల్లోనే బయటపడుతుంది, అప్పుడు కంపెనీ వారంటీ ఉంటుంది. అరిగిపోయి పాడయ్యేది ఆరేడేళ్ల తర్వాత, అప్పటికి ప్లాన్ ఉండదు. మీరు డబ్బు కట్టేది మధ్యలో ఉన్న నెమ్మదైన కాలానికి. ఇంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు.

5. మీ పిన్‌కోడ్‌కు వస్తారా?

చిత్తూరువాళ్లు వేలూరులో, తిరుపతివాళ్లు చెన్నైలో కొనుక్కురావడం మామూలే. కంపెనీ వారంటీ దేశమంతా చెల్లుతుంది, దానికి దిగులు లేదు. చెన్నై షాపు సొంత ప్లాన్ అలా కాదు. కొన్ని ప్లాన్లు వాళ్ల షాపులున్న ఊళ్లకే పరిమితం, లేదా “వస్తువును సర్వీస్ సెంటర్‌కు తెచ్చివ్వాలి” అంటాయి. 300 లీటర్ల ఫ్రిజ్‌ను రేణిగుంట మీదుగా ఎవరు మోసుకెళ్తారు?

ప్లాన్ కొనకముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పండి: 517501 కావచ్చు, 517001 కావచ్చు, పుంగనూరు పక్క పల్లె కావచ్చు. “ఈ పిన్‌కోడ్‌కు ఇంటికే మెకానిక్ వస్తాడా? దూరానికి అదనంగా తీసుకుంటారా?” అని అడగండి. జవాబు ఈమెయిల్‌లోనో మెసేజ్‌లోనో తెప్పించుకోండి. శ్రీసిటీలో ఏసీ ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, సర్వీస్ దగ్గరే ఉంటుంది అని కొందరు అనుకుంటారు. ఫ్యాక్టరీకీ మీ ఇంటికొచ్చే మెకానిక్‌కూ సంబంధం లేదు.

6. కౌంటర్ దగ్గర ఏమనాలి

“రోజుకు మూడు రూపాయలే సార్. టీ ఖర్చు కూడా కాదు.”

“సరే నాయనా, షరతుల కాగితం ఇవ్వు. ఇంటికెళ్లి చదువుకుని వస్తాను.”

“ఈరోజే ఈ రేటు సార్.”

“అయితే ఉండనీలే.”

ఇంతకంటే మాటలు పెంచొద్దు. ఆ అబ్బాయికి దానిమీద కమిషన్ ఉంటుంది, అది అతని ఉద్యోగం. కోపం తెచ్చుకోనక్కర్లేదు.

ఈఎంఐలో కొనేవాళ్లు మాత్రం కళ్లు తెరిచి చూడాలి. వస్తువు ధర, ప్లాన్ ధర కలిపి లోన్ వేసి, “నెలకు ఇంతే” అంటారు. ఓటీపీ చెప్పేముందు లోన్ మొత్తాన్ని బిల్లు మొత్తంతో సరిచూడండి. తేడా ఉంటే అందులో ప్లాన్ ఉంది, లేదా ప్రాసెసింగ్ ఫీజు ఉంది. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బు కట్టేముందు కార్ట్ మళ్లీ తెరవండి. అడగకుండా బుట్టలో వస్తువు చేర్చడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను ఏమార్చే వెబ్‌సైట్ కిటుకులు) మార్గదర్శకాలు నిషేధించాయి. అయినా చూసుకోవడం మన పని.

ప్లాన్‌కు విడిగా బిల్లు ఇవ్వకుండా “ఫ్రీ” అంటే, వస్తువు ధరలో కలిపారేమో పక్క షాపులో అదే మోడల్ ధర అడిగి తెలుసుకోండి.

7. పదో నెలలో చేయాల్సిన పని

కొన్న రోజే ఫోన్ క్యాలెండర్‌లో పదో నెలకు అలారం పెట్టుకోండి. రెండేళ్ల వారంటీ ఉన్నదానికి ఇరవై రెండో నెలకు. అది మోగిన వారంలో వస్తువును ఒకసారి పూర్తిగా పరీక్షించండి.

టీవీకి తెల్ల తెర, నల్ల తెర పెట్టి గీతలు, మచ్చలు చూడండి. ఫ్రిజ్ డోర్ సందులో నోటు పెట్టి లాగండి, సులువుగా జారితే రబ్బర్ వదులైంది. వాషింగ్ మెషిన్‌ను ఖాళీగా స్పిన్‌లో పెట్టి చప్పుడు వినండి. ఏసీని అరగంట నడిపి, గాలి చల్లదనంతో పాటు బయట యూనిట్ వణుకు కూడా చూడండి.

ఏదైనా తేడా ఉంటే వెంటనే అసలు వారంటీ కింద కంప్లయింట్ పెట్టండి. మెకానిక్ తర్వాత వచ్చినా, కంప్లయింట్ తేదీ వారంటీ లోపలే ఉండటం ముఖ్యం. నంబర్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇది ఉచితంగా దొరికే లాభం, చాలామంది వదిలేసుకుంటారు.

అన్నీ బాగుంటే నాలుగో మెట్టు లెక్క మళ్లీ వేయండి. ఈ పది నెలల్లో మెకానిక్ ఎన్నిసార్లు వచ్చాడో, ఫోన్ చేస్తే ఎన్నాళ్లకు వచ్చాడో కూడా ఇప్పుడు మీకు తెలుసు. ఫోన్ చేసిన రెండు వారాలకు గానీ రాని కంపెనీకి ముందే డబ్బు కట్టి ఇంకో రెండేళ్లు వేచి ఉండటం ఎందుకు?

ఈ సమయంలోనే “మీ వారంటీ అయిపోతోంది, ఇప్పుడే రెన్యూ చేసుకోండి” అని ఫోన్లు వస్తాయి. ఆ లింకుల్లో డబ్బు కట్టకండి. గూగుల్‌లో కనిపించిన కస్టమర్ కేర్ నంబర్ కూడా నమ్మకండి. వారంటీ కార్డు మీదున్న నంబర్, లేదా కంపెనీ సొంత యాప్ మాత్రమే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

8. కొన్నారా? సరిచూడండి

రెండు మూడు రోజుల్లో సర్టిఫికెట్ రావాలి. అందులో సీరియల్ నంబర్‌ను వస్తువు వెనక స్టిక్కర్‌తో అక్షరం అక్షరం పోల్చండి. ఒక్క అంకె తప్పినా క్లెయిమ్ ఆగిపోతుంది. తర్వాత మొదలయ్యే తేదీ. అసలు వారంటీ ముగిసిన మర్నాటి నుంచి మొదలవ్వాలి. కొన్న తేదీ నుంచే లెక్కపెడితే, మూడేళ్ల ప్లాన్ అని కొన్నది నిజానికి రెండేళ్లదే. చివరిగా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆ సీరియల్ నంబర్ మీద ప్లాన్ కనిపిస్తోందా అడగండి. కనిపించకపోతే రద్దు చేసుకునే గడువు ఎన్ని రోజులో చూసి ఆ లోపలే కదలండి.

థర్మల్ పేపర్ బిల్లు ఏడాదికి తెల్ల కాగితమవుతుంది. ఆ రోజే ఫోటో తీసి మీకు మీరే ఈమెయిల్ పంపుకోండి. ఇల్లు మారితే ఏసీని కంపెనీ మెకానిక్ చేతే విప్పించి బిగించండి, బయటివాళ్లు విప్పితే కొన్ని ప్లాన్లు చెల్లవు.

డబ్బు వేరే చోట పెట్టాలంటే

మన వోల్టేజ్‌కు మంచి స్టెబిలైజర్ ముందు. “స్టెబిలైజర్ అక్కర్లేదు” అని రాసిన ఏసీ, ఫ్రిజ్ అయినా, ఎంత వోల్టేజ్ నుంచి ఎంత వరకు అని కార్డులో చూడండి. ఆ హద్దు దాటితే ఆ మాట చెల్లదు. గీజర్‌కు ఏడాదికోసారి ఉప్పు దులిపించండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లో వైర్లు వెళ్లే రంధ్రాలను మెకానిక్‌తో మూయించండి, బల్లికి దారి ఉండదు. ప్యూరిఫయర్ ఏఎంసీలో మెంబ్రేన్ (నీటిని వడగట్టే పొర) కలిసి ఉందా అడగండి. బోరు నీళ్లకు తొందరగా పోయేది అదే, చవక ఏఎంసీల్లో లేనిదీ అదే.

9. క్లెయిమ్ దగ్గర పేచీ పెడితే

పని పూర్తయి, మీరు నడిపి చూశాకే మెకానిక్‌కు ఓటీపీ చెప్పండి. “పార్ట్ రేపు తెస్తాను, ఓటీపీ చెప్పండి” అంటే చెప్పొద్దు. చెబితే కంప్లయింట్ పూర్తయినట్టు మూసేస్తారు. జాబ్ షీట్‌లో కారణం ఏం రాశాడో సంతకానికి ముందు చదవండి. “నీళ్లు పడ్డాయి” అని రాసి ఉంటే, పడకపోతే, “నేను ఒప్పుకోను” అని అక్కడే రాసి సంతకం చేయండి. విప్పిన పాత పార్ట్ ఫోటో తీసుకోండి.

తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. చాలా తగాదాలు ఇక్కడే సర్దుకుంటాయి. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు కాబట్టి, వస్తువు చెన్నైలో కొన్నా ఫిర్యాదు ఇక్కడే ఇవ్వవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. వ్యాపారం కోసం కొన్నవాళ్లు ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు, పొట్టపోసుకోవడానికి సొంతంగా నడుపుకునే చిన్న పనికి కొన్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది.

జతచేయాల్సినవి: బిల్లు, ప్లాన్ సర్టిఫికెట్, షరతుల కాగితం, జాబ్ షీట్లు, కంప్లయింట్ నంబర్లు, 1915 ఇచ్చిన డాకెట్ (ఫిర్యాదు నమోదు) నంబర్. ఒక్కోటి ఏ తేదీదో వరుసగా రాసిన పేజీ ఒకటి పైన పెట్టండి.